రెండు పానాల బండి చేసిన ఉస్తాద్

మొన్న నల్లగొండలో మా తమ్ముడి కొడుకు కొత్త కారు చూపించాడు. ఇంటి గోడకున్న ప్లగ్గులోంచి నల్లటి వైరు తెచ్చి కారు డొక్కలో గుచ్చాడు. రాత్రంతా కరెంటు తాగుతుందట. ఊళ్లో తిరిగినంతసేపు ఆ కరెంటు మీద నడుస్తుందట, హైదరాబాదు రోడ్డెక్కితే పెట్రోలు అందుకుంటుందట. "కింద చట్రం ఒకటే పెద్దబాపూ. దాని మీదనే ఒక్కో దేశానికి ఒక్కో తీరుగ కడ్తరు" అని కూడా చెప్పాడు, ఆ కంపెనీ వాళ్ల మామదైనట్టు. నేను కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇది నేను రామన్నపేటలో ఎప్పుడో చూశానన్నాను. వాడు నవ్వాడు. ముసలివాళ్ల మాటకు పిల్లలు నవ్వే నవ్వు అది.

వాడికి చెప్పి లాభం లేదని ఇక్కడ రాస్తున్నాను. ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. పేరు రాయను. ఊరంతా ఉస్తాద్ అనే పిలిచేది, నా నోటికీ అదే వస్తుంది. పేరు రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత మీకే తెలుస్తుంది.

మాది ఎడ్లబండ్లు చేసే వడ్రంగుల ఇల్లు. ట్రాక్టర్లు వచ్చి బండ్ల పని పలచబడ్డాక, లారీలకు చెక్క బాడీలు కట్టే పని ఏమైనా దొరుకుతుందేమోనని రామన్నపేట రోడ్డు మీది ఆయన రేకుల షెడ్డుకు పోయాను. లోపల ఇనుము కంటే ముందు అద్దాలు కనబడ్డాయి. లారీల పక్కన ఉండే అద్దాలు, పాతవి, పగిలినవి, స్తంభానికొకటి తీగతో వేలాడుతున్నాయి. ఒకాయన నాకు వీపు పెట్టి నిలబడి, అద్దంలో నన్ను చూస్తూ "ఏం గావాలె అన్నా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ముందు మొఖం చూపించు, తర్వాత అడుగు అన్నాను. ఆయన తిరిగాడు. తల ఒక్కటే తిరగలేదు, మనిషి మొత్తం తిరిగాడు, తలుపు తిరిగినట్టు.

"మెడ తిరగదన్నా. అందుకే అద్దాలు వెట్టుకున్న" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా కాలు ఆడుతూనే ఉంది.

ఆయనను ఎవరూ స్థిమితంగా చూడలేదు. చాయ్ నిలబడే తాగేవాడు, అదీ సగం. మిగతా సగం ఏ మడ్‌గార్డు మీదో పెట్టి మరిచిపోయేవాడు. సాయంత్రానికి షెడ్డంతా సగం సగం గ్లాసులు. హోటలు వాడు వచ్చి తిట్టుకుంటూ ఏరుకుపోయేవాడు. మాట్లాడుతుంటే మోచేతులు నలుపుకుంటుండేవాడు. కూర్చోమంటే, కూసుంటే అతుక్కపోత అనేవాడు. మా దిక్కు బోరు నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు నేను వివరించనక్కర లేదు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి కీళ్లను బిగించేస్తుంది. ఆయన దాన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు.

"నేను ఇనుముకు జేసే పనే నీళ్లు నాకు జేస్తున్నయి. కీలుకు కీలు వెల్డింగ్."

హైదరాబాదు పెద్ద దవాఖానలో చూపించుకుంటే నీళ్లు మార్చమన్నారట. ఏ నీళ్లకు మార్చాల్నో ఆడ అడుగుడు మర్చిపోయిన, అని నవ్వేవాడు. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు. చేతులు పూర్తిగా బిగుసుకుపోకముందే రెండు పానాల బండి అయిపోవాలి, అది తాను లేకున్నా నడవాలి, ఇదొక్కటే ఆయన ఫికరు. ఆ కాలు ఆడేది కూడా దానికేనని నాకు కొన్నాళ్లకు తెలిసింది.

రెండు పానాలంటే, రెండు ప్రాణాలంటే, ఇది. మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పాత సామాను అమ్మితే, సంచులు మోసే బ్యాటరీ ట్రాలీల మోటార్లు తెచ్చుకున్నాడు. బాయి దగ్గర నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు ఎట్లాగూ దొరుకుతాయి. పాత జీపు ఇరుసు, మూడు చక్రాలు. ఒక కర్ర ముందుకు తోస్తే ఇంజను చక్రాన్ని అందుకుంటుంది, వెనక్కు గుంజితే మోటారు అందుకుంటుంది. మోటారుకు కావలసిన లారీ బ్యాటరీలు వరసగా ఒక పొడుగాటి పెట్టెలో ఉంటాయి. ఇంటికాడ కరెంటు ఉన్నప్పుడు ఆ పెట్టెకు వైరు తగిలించుకోవాలి. అల్లా మనిషికి ఒకటే పానమిచ్చిండు, బండికి నేను రెండిస్త అని, ఎదురుగా ఎవరుంటే వాళ్లకు చెప్పేవాడు. ఒకసారి రోడ్డు మీద పోలీసాయన ఆపి, ఇదేం బండి అని అడిగితే "పొగ వస్తే లారీ సార్, రాకుంటే ఎడ్లబండి" అన్నాడు. ఆ పోలీసాయన కింద వంగి ఎడ్ల కోసం వెతికాడని ఉస్తాద్ చెప్పేవాడు. నేను నమ్మలేదు.

బండి కావాలని ఎవరు వచ్చినా అందరు మేస్త్రీల లాగా ఎంత బరువు వేస్తావని అడిగేవాడు కాదు. "యాడ ఆగుతవ్?" అని అడిగేవాడు.

పోచంపల్లిలో మగ్గం నేసే శాలాయన మొదట వచ్చాడు. నూలు, చీరల మూటలు తిప్పుకోవడానికి ఆయనకు బండి కావాలి. నేనెక్కడ ఆగుత ఉస్తాద్, నడిచేటందుకే గద బండి, అన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని పోచంపల్లి పోయి, పొద్దంతా ఆ వీధుల్లో అటూ ఇటూ తిరిగాడు. సందులో పడుగు చాచి ఉంటే ఆగాలి, దారం మీద పొగ పడొద్దు. ఇంటింటి ముందూ ఆగాలి. ఈ బండికి బ్యాటరీయే ముఖ్యం, ఇంజను పేరుకు ఉంటే చాలన్నాడు. ఆ తర్వాత కల్వకుర్తి దిక్కు నుంచి ఒక కురుమాయన వచ్చాడు, గొర్రెపిల్లలను సంతకు తీసుకుపోవడానికి. ఆయనది పొడుగు దారి, గుట్టలు, మధ్యలో కరెంటు స్తంభం కూడా కనబడదు. ఇంజను పెద్దది కావాలి. కానీ పిల్లలను ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఇంజను చప్పుడుకు అవి బెదిరి కాళ్లు విరగ్గొట్టుకుంటున్నాయట. ఆ కాసేపటికి మోటారు. మూడో గిరాకీ మేళ్లచెరువులో సున్నపురాయి గనుల దగ్గర అన్నం అమ్మే ఆమె. మోటార్ల కోసం పోయినప్పుడు ఉస్తాద్ తిన్నది ఆమె దగ్గరే, అదీ నిలబడే. ఆమె గంజుల్లో, అంటే పెద్ద గిన్నెల్లో, అన్నం, పప్పు పెట్టుకుని గని గనికీ పోవాలి, అడుగడుగునా ఆగాలి, మళ్లీ ఎత్తు ఎక్కాలి. ఆమెకు రెండూ సమానంగా కావాలి.

"నడిచేది జూసి కాదన్నా, ఆగేది జూసి బండి గట్టాలె" అనేవాడు. తాను ఎక్కడా ఆగని మనిషి ఈ మాట అనడం నాకు నవ్వుగా ఉండేది.

మా ఇద్దరికీ రోజూ జగడం. ముగ్గురికి మూడు తీర్ల అవసరముంటే మూడు తీర్ల బండ్లు చెయ్యాలని నేను. కాదు, కింద చట్రం ఒకటే ఉండాలని ఆయన. చట్రాన్ని ఆయన తల్లి అనేవాడు. తల్లి ఒక్కతే, పిల్లలు ఎన్ని తీర్లన్నా ఉండొచ్చు. బ్యాటరీల పెట్టె కూడా అన్నిటికీ ఒకటే కొలత. ఒక పెట్టె ఎప్పుడూ నిండుగా షెడ్డులో ఉంటుంది. దారిన పోయేవాడు వచ్చి, అలసిన ఎద్దును విప్పి ఇంకో ఎద్దును కట్టుకున్నట్టు, తన ఖాళీ పెట్టె ఇక్కడ వదిలి నిండు పెట్టె తోసుకుని పోవాలి. ఇది జరగాలంటే ఏ పెట్టె అయినా ఏ బండిలోనైనా పట్టాలి.

నేను ఒకరోజు గట్టిగానే అన్నాను. తరతరాలుగా మనిషిని చూసి బండి చేస్తున్నాం, మాకు తెలియనిది నీకేం తెలుసని. ఆయన అద్దంలోంచే నన్ను చూశాడు.

"నువ్వు జేసిన బండి చెడిపోతే ఎవరు బాగుజేస్తరు?"

"నేనే."

"నువ్వు సచ్చినంక?"

చచ్చినంక బండి కూడా పొయ్యిలోకే పోతుందని గొణిగాను.

చివరికి జగడం సగం సగం తెగింది. పైన కట్టేది నాది, ఎవరిది వాళ్ల తీరుగా కడతాను. కింద చట్రం ఆయనది, ఒకటే. అయితే ఆ చట్రాన్ని కొలిచే పద్ధతి మాత్రం ఆయన మా దగ్గరే తీసుకున్నాడు. మా పనిలో బండి ఎవరిదైతే వాళ్ల ఒంటితోనే కొలుస్తాం. బండి యజమాని వచ్చి, కట్టెకు ఆనుకుని రెండు చేతులూ చాచి నిలబడాలి. ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార. ఆ బారను బట్టే కాడి దాకా పోయే నొగల పొడవు. పరాయివాడి బారతో చేసిన బండి ఇంటికి కలిసిరాదని మా నమ్మకం. టేపు లేదా అంటే ఉంది. చక్రం కమ్మికి, ఇరుసు బెజ్జానికి టేపే వాడతాం. బండి ఒంటికి మాత్రం మనిషి ఒళ్లే కొలత. ఈ మాట చెప్పగానే ఉస్తాద్ ఎంత సంబరపడ్డాడో. తల్లి నాది, అందుకని బార కూడా నాదే అన్నాడు. పెట్టె పట్టే గూడు ఒక బార పొడవు ఉండాలని అప్పుడే తేల్చాడు.

ప్రతి చట్రానికీ ఇదే తంతు. గూటికి వేసే ఇనుప పట్టీ, యాంగ్లర్, గోడకు ఆనించేవాళ్లం. ఆయన వీపు దానికి ఆనించి చేతులు చాచేవాడు. నేను రెండు కొసలా సుద్దముక్కతో గీత పెట్టి, ఉలితో గాటు వేసేవాడిని. నేను వేలి కొసనే చూసేవాడిని. ఎవరైనా దాన్నే చూస్తారు.

సామాను దొరికినప్పుడే పని కాబట్టి ఒక బండికీ ఇంకో బండికీ మధ్య చాలా ఎడం వచ్చింది. శాలాయన బండి పోచంపల్లి సందుల్లో నానా అవస్థలూ పడి కుదురుకున్న ఎన్నాళ్లకో గాని కురుమాయనది పూర్తి కాలేదు. మూడోది ఇంకా ఆలస్యం. మొదటి పెట్టెలో బ్యాటరీల మధ్య కుదుపుకు కదలకుండా నేను చెక్క బద్దలు దూర్చాను. మూడో పెట్టెలో బద్దలకు జాగా లేదు, బ్యాటరీలే ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. ఈసారి బలిసిన బ్యాటరీలు తెచ్చావని నేను, నీ బద్దలు లేకుంటే బండి నడవదా అని ఆయన. అప్పుడు ఇద్దరం అంతకంటే ఆలోచించలేదు.

మూడు బండ్లనూ ఒకచోట కలిపిన రోజు ఆయన తెల్లవారినప్పటి నుంచీ ఒక అద్దం నుంచి ఇంకో అద్దానికి తిరుగుతూనే ఉన్నాడు. శాలాయన, కురుమాయన తమ బండ్లు తోలుకొచ్చారు. అన్నం ఆమె తన బండి తీసుకుపోవడానికి బస్సులో వచ్చింది. ఆయనకు కావలసింది ఒక్కటే. షెడ్డులో ఉన్న నిండు పెట్టె, మొదటి బండితో పాటు చేసింది, మూడు బండ్లలోనూ పట్టాలి. పట్టిందంటే తాను లేకున్నా నడుస్తుంది. లేదంటే మూడు బండ్లూ మూడు ఇనుప ముద్దలు.

చిన్న చక్రాల మీద తోసే పెట్టె అది, అయినా నలుగురం పట్టాల్సిన బరువు. శాలాయన బండిలోకి సర్రున పోయి కూర్చుంది. కురుమాయన బండిలో చివరికొచ్చి బిగిసింది. ఉస్తాద్ సుత్తెతో ఒక దెబ్బ వేసి లోపలికి పంపి, రంగు మందమైంది అన్నాడు. ఎవరూ అడగకముందే చెప్పాడు.

మూడో దాంట్లో బెత్తెడు బయటే ఆగిపోయింది. సుత్తె పట్టుకుంటే నేను ఆపాను. సుత్తెతో పోయేది కాదది.

అన్నం ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఏంది ఉస్తాదూ, నా బండికే కడుపు చిన్నగ వెట్టినవా? అందరికీ అన్నం వెట్టేదాన్ని నేను."

కురుమాయన నవ్వబోయి ఆపుకున్నాడు. ఉస్తాద్ మనిషి మొత్తం నా వైపు తిరిగాడు. "నీ సుద్ద గీత తప్పిందన్నా."

అంతమంది ముందు అనేసరికి నాకు రోషం వచ్చింది. "సుద్ద నాది. చేతులు నీవి" అన్నాను.

ఆయన శాలాయన బండి దగ్గరికి పోయాడు. గూడు ఖాళీగా ఉంది, యాంగ్లర్ మీద పాత గాట్లు రెండూ తుప్పు పట్టి కనబడుతున్నాయి. దానికి వీపు ఆనించి చేతులు చాచాడు. కుడిచేతి వేలిని ఒక గాటు మీద పెట్టాడు. ఎడమచేతి వేలు రెండో గాటు దాకా పోలేదు. బెత్తెడు ఇవతలే ఉండిపోయింది. గట్టిగా పళ్లు బిగించి చాచాడు. మెడ నరాలు లేచాయి. మోచేతులు రెండూ కొంచెం వంగే ఉన్నాయి, విప్పుదామంటే విప్పుకోవడం లేదు. ఎదురుగా స్తంభానికున్న అద్దంలో మేమంతా ఆయనకు కనబడుతూనే ఉంటాం. నేను నేల చూశాను.

శాలాయన దగ్గరికొచ్చాడు. "నా బండి గోసి చిన్నగ జెయ్యి ఉస్తాద్. నాకేం ఫరక్ వడది."

"వచ్చే యేడు నా బార ఇంకింత తగ్గుతది. అప్పుడు మూడూ గోస్తవా?"

ఆ మాట మామూలుగానే అన్నాడు, ఇనుము ధర గురించి చెప్పినట్టు. చేతులు మాత్రం ఇంకా దించలేదు. ఆయన దించేదాకా మేమూ కదల్లేదు.

అన్నం ఆమె ముక్కు చీదింది. "మరి నాదాన్నే పొడుగు జెయ్యి. నేను బస్సుకు పోయి మల్ల వస్త. ఒక వారం గంప నెత్తి మీద వెట్టుకుంటే నా మెడేం ఇరగదు" అని, మెడ మాట నోరు జారిందని తెలిసి కొంగుతో మూతి తుడుచుకుంది. ఉస్తాద్ నవ్వాడు. ఆ రోజు నవ్విన నవ్వు అదొక్కటే.

తర్వాత నన్ను లావుపాటి ఇనుప కమ్మి ఒకటి తెమ్మన్నాడు. శాలాయన బండి గూట్లో గాటు నుంచి గాటుకు పెట్టించి, రంపంతో కోయించాడు. దాన్ని చూసి అంతే పొడవు ఇంకో రెండు కోయించాడు. కొసలు నున్నగా అరగదీయించాడు. కోసింది నేను, అరగదీసింది నేను. ఆయన దగ్గరికి కూడా రాలేదు, మోచేతులు నలుపుకుంటూ దూరంగా తిరిగాడు. ముగ్గురికీ తలా ఒక కమ్మి ఇప్పించాడు.

"నేను లేనప్పుడు ఎవడన్న బాగుజేస్తనని వస్తే నా పేరు జెప్పకుండ్రి. గీ కమ్మి ఇయ్యుండ్రి. పేరుతోని బండి నడవది."

అందుకే పేరు రాయనన్నాను.

మూడో చట్రాన్ని కోసి, ఆ కమ్మి కొలతకు పొడుగు చేసి మళ్లీ వెల్డింగ్ పెట్టాం. కురుమాయన దాన్ని కూడా సరిచేశాం. పెట్టె మూడింటిలోనూ సర్రున పోయింది. ఎన్నిసార్లు తోయించాడో, ఎన్నిసార్లు బయటికి గుంజించాడో. మాకు నడుములు పడిపోయాయి గాని ఆయనకు తనివి తీరలేదు. పెట్టె పోయి కూర్చున్నప్పుడల్లా వచ్చే చప్పుడు కోసం చెవి పెట్టేవాడు, చెవి ఒక్కటే తిరగదు కాబట్టి మనిషి మొత్తం తిరిగి. వారం తర్వాత మళ్లీ వచ్చిన అన్నం ఆమె బండి ఎక్కి పోతూ, ఈసారి వస్తే కూసొని తినాలె ఉస్తాదూ, నిలవడితే పెట్ట అని బెదిరించి పోయింది.

ఆ బండ్లు ఎన్నాళ్లు నడిచాయని అడుగుతారు కొందరు. నడిచినన్నాళ్లు నడిచాయి. మోటార్లు కాలాయి, బ్యాటరీలు చచ్చాయి, మళ్లీ కొత్తవి వేశారు. ఎవరెవరో బాగుచేశారు. ఆ ఎవరెవరో అన్న మాట కోసమే ఆయన అంత కొట్టుకున్నాడు.

నాకు మరుపు రానిది మాత్రం నాలుగో బండి మొదలుపెట్టిన పొద్దు. పాలు పోసే ఒకాయన అడిగాడు. యాంగ్లర్ గోడకు ఆనించాక చూసుకుంటే షెడ్డులో కమ్మి లేదు, ఉన్న పెట్టె కూడా అన్నం ఆమె మార్చుకుని వదిలిపోయిన పొట్టిదే. మూడూ ముగ్గురికి ఇచ్చేశాం, మాకంటూ ఒకటి కోసుకోవాలని ఇద్దరికీ తట్టలేదు. నేను దానికేం ఉందనుకున్నాను. నా బార, ఆయన పాత బార ఇంచుమించు ఒకటే, ఎప్పుడో సరదాగా చూసుకున్నాం. వీపు ఆనించి చేతులు చాచాను. ఎక్కడ గీత పెట్టాలో చూడమని ఆయనను పిలిచాను.

ఉస్తాద్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. సుద్దముక్క తీసుకోలేదు. ఈ వేలి నుంచి ఆ వేలి దాకా, మధ్యలో నా మోచేతుల దగ్గర ఆగుతూ, చాలాసేపు చూశాడు.

"దించన్నా" అన్నాడు. "మనిద్దరం తాగేది ఒకటే బోరు."

అని, చొక్కా కూడా మార్చుకోకుండా పోచంపల్లి బస్సెక్కాడు, శాలాయన దగ్గరున్న కమ్మి అడిగి తేవడానికి. ఆయన తిరిగి వచ్చేదాకా నేను ఆ యాంగ్లర్‌ను ముట్టుకోలేదు.